తాయెత్తు తెంపిన శనివారం

సాయమ్మకు అనుమానం పుట్టుకతో రాలేదు. జీడిమెట్ల మందుల కంపెనీలో ఇరవై రెండేళ్ల కొలువుతో వచ్చింది. బెల్టు మీద వందల మాత్రల అట్టలు పోతుంటే, ఒక్క గుంట ఖాళీగా ఉన్న అట్టను పట్టి పక్కన పెట్టడం ఆమె పని. ఆ కళ్లు ఇంటికొచ్చాక ఊరుకుంటాయా? కొడుకు విక్టర్, కోడలు విడిపోయి పిల్ల కోసం కోర్టుకెక్కాక మరీ ముదిరింది. ఎవరు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

పిల్ల దుండిగల్‌లో తల్లి దగ్గరుంది. నెలకోసారి, రెండో శనివారం, రెండు గంటలు నాయనమ్మ చూసుకోవచ్చంది కోర్టు. గొడవ చేస్తే అదీ పోతుందని వకీలు మరీ మరీ చెప్పాడు. ఆ రెండు గంటల కోసమే సాయమ్మ నెలంతా బతుకుతోంది.

ఆరేళ్ల అశ్రితను మేడ్చల్ పార్కుకు అమ్మమ్మ లక్ష్మమ్మ తీసుకొస్తుంది. తెచ్చి ఊరుకోదు, పదడుగుల అవతల బెంచీ మీద కాపలా కూర్చుంటుంది. సాయమ్మ తెచ్చే గారెల్లో పిల్ల మనసు తిప్పే మందేదో ఉందని ఆవిడ అనుమానం. ఇద్దరూ దొందూ దొందే!

ఈసారి సాయమ్మ ముద్దు పెట్టబోతే పిల్ల మొహం తిప్పుకుంది. జబ్బకు నల్లదారం, దానికి రాగి తాయెత్తు. పోయిన నెల లేదే! తనను మరిచిపోయేలా మంత్రం వేయించి కట్టారన్నమాట. మంత్రాలు ఉత్తవని చర్చిలో పదిమందికి చెప్పే మనిషి, ఆ క్షణాన మంత్రాన్ని మనసారా నమ్మింది. లక్ష్మమ్మ ఫోను మాట్లాడుతూ అటు తిరగగానే దారాన్ని పంటితో పుటుక్కున తెంపి, తాయెత్తును చెంగున ముడేసుకుంది.

ఒంటిగంటకు, రెండు గంటల గడువు తీరగానే, లక్ష్మమ్మ బెంచీ మీంచి లేచి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"తాయెత్తేది? మూడొద్దులు జ్వరం తగ్గకపోతే దర్గాల కట్టిపిచ్చిన. ఎవరు తీసిండ్రు?"

"జారుడుబండ మీద తెగిపోయింది అమ్మమ్మా. మస్తు ఎతికినం, దొరకలే," అంది అశ్రిత, రెప్ప కొట్టకుండా.

సాయమ్మ గుండె ముందు నిమ్మళించింది, ఆ వెంటనే కలుక్కుమంది. ఇంత పిల్ల ఇంత నున్నగా అబద్ధం ఎక్కడ నేర్చింది? ఆ రెండు గంటలు పోతే పోనీ అనుకుని చెంగు ముడి విప్పింది.

"నేనే తెంపిన వదినా. నువ్వేదో మంత్రం ఏపిచ్చినవనుకున్న. తప్పయింది."

"గింత పని జేస్తవా?" లక్ష్మమ్మ గొంతు లేచింది. "ఇగ సూడు, వకీలుకు జెప్పి నీ శనివారాలు బంద్ జేపిస్త!"

అశ్రిత ఏడుస్తూ సాయమ్మ చీర గుంజింది.

"ఎందుకు జెప్పినవ్ అవ్వా? నేను చెప్పలే గదా! నీ గారెలు అమ్మమ్మ మోరీల పారేస్తది, నీకు చెప్పిన్నా? నువ్వు అమ్మను తిడ్తవ్, అమ్మమ్మకు చెప్పిన్నా? నేను ఎవ్వరికి ఏం చెప్ప!"

లక్ష్మమ్మ వకీలు మాట మళ్లీ ఎత్తలేదు. పిల్ల మొహం చూసే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.