పెద్దమ్మకు చూపించిన వ్యాసర్పాడి బడి

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తల్లో మా పెద్దమ్మ అక్కణ్ణుంచి నెల్లూరులో ఉన్న నాకు ఫోన్ చేసింది. వ్యాసర్పాడిలో ఆమె ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన రేకుల షెడ్డు బడికి కొత్త భవనం కట్టారు. తీరా ప్రారంభం దగ్గరపడే సమయానికి ఆమె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

"మెట్లెక్కేది ఇంక మరిచిపొమ్మన్నాడు డాక్టరు. నువ్వన్నా వీడియో తీసి చూపించు అబ్బయా" అంది.

నేను పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాణ్ణి. భవనాన్ని ఎలా తీయాలో బొత్తిగా తెలియదు. అయినా పెద్దమ్మ అడిగితే కాదనడం నా వల్ల కాదు.

తెల్లవారుజామున రైలెక్కాను. ఒళ్ళో కెమెరా పెట్టె చూసి, గూడూరులో ఎక్కిన నిమ్మకాయల వ్యాపారి "పెళ్ళెక్కడ సామీ?" అన్నాడు. పెళ్ళి కాదు, బడి అని చెప్పాను.

"బడికా! పెళ్ళికూతురు ఎవురు మరి?" అని బోగీ అంతా నవ్వించాడు.

సెంట్రల్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ ఎదుట పొంగల్, కాఫీ కానిచ్చి పక్కనే లోకల్ బండి ఎక్కాను. రెండో స్టేషనే వ్యాసర్పాడి. సామాను ఉన్నవాళ్ళు పది దాటాక ఎక్కడం మేలు, అంతకుముందు కాలు పెట్టే చోటు దొరకదు.

బడి చూసి నోరు తెరిచాను. ఎర్ర ఇటుక గోడలు, పొడుగాటి వరండా, గోడ నిండా సిమెంటు జాలీలు, వాటిలోంచి నేలమీద పడే ఎండ ముక్కలు. హెడ్మాస్టరు గారు "ఫ్రంట్ వ్యూ బాగా రావాల సార్, పత్రికలో వేస్తాం" అన్నారు. ముందు ఫోటోలు తీశాను. తర్వాత వీడియో కెమెరా భుజానికెత్తి, పెళ్ళికూతురి నగలు తీసినట్టు జాలీలనూ స్తంభాలనూ జూమ్ చేసి మరీ తీశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సాయంత్రానికి చింతాద్రిపేటలో పెద్దమ్మ ఇల్లు చేరాను. ఆమె కోడలు, మా వదిన, అద్దెకు వీసీఆర్ తెప్పించి ఉంచింది. పెద్దమ్మ దిండ్లకు ఆనుకుని కళ్ళద్దాలు తుడుచుకుంది. కాసేపటికే చెయ్యెత్తింది.

"ఏందిరా ఆ పరుగు? నేనింకా గేటు కాడే ఉండాను. నువ్వు మేడమీద ఉండావు."

నేను టేపు ఆపాను.

"రేపు మళ్ళీ పోరా. నేను నడిచినట్టు కొంజం మెల్లగా పో. మేడమీద క్లాసులో పిలకాయల మాదిరి కింద కూచొని తియ్యి. కిటికీలు కిందికి పెట్టమని నేను అందరితో పోట్లాడినా. రైళ్ళు చూస్తా కూచుంటే చదువేం వస్తాదని వాళ్ళు. చూడనీండయ్యా, ఏం పోతాదని నేను."

మర్నాడు ఒక చెయ్యి గోడకు ఆనించి, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతుంటే హెడ్మాస్టరు గారు కంగారుపడ్డారు. "ఏం సార్, ఒళ్ళు బాలేదా?" సంగతి చెప్పాను. ఆయన గబగబా ముందుకు వెళ్ళి వరండాలోకి కేకేశారు.

"టీచరమ్మ వస్తా ఉండారు, తలుపులన్నీ తియ్యండప్పా!"

పైన గచ్చుమీద కూర్చున్నాను. కిటికీ సరిగ్గా నా భుజం ఎత్తులో ఉంది. అవతల యార్డులో ఒక గూడ్సు బండి నింపాదిగా కదులుతోంది. అది పూర్తిగా దాటేవరకూ కెమెరా ఆపలేదు.

ఆ సాయంత్రం కొత్త టేపు వేస్తే పెద్దమ్మ చెయ్యెత్తలేదు. మెట్లు వచ్చినప్పుడు మంచం పట్టె పట్టుకుంది. హెడ్మాస్టరు కేక వినగానే పమిట సర్దుకుంది. గూడ్సు బండి కనబడ్డాక మాత్రం "పిలకాయలకు బాగా కనపడతాదిరా" అని కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

మర్నాడు తిరుగు రైలు. ఎన్నో పెళ్ళిళ్ళు తీశాను గానీ, ఒకరి కోసం ఇంత ఇష్టంగా ఎప్పుడూ తీయలేదని కిటికీ పక్కన కూర్చుని అనుకున్నాను. అంతకుముందు, నేను ఇంట్లోంచి బయల్దేరే వేళకు వదిన పెద్దమ్మ కాళ్ళకు నూనె రాస్తోంది. ఏమైందని అడిగాను.

"నొప్పులురా" అంది పెద్దమ్మ నవ్వుతూ. "నిన్న అంత మేడ ఎక్కినా కదా."