రెండు బొట్లు, నాలుగు చక్రాలు

నిక్షేపంలాంటి బండిని రెండు రోజులు కష్టపడి ముక్కలుగా విప్పేసిన కథ ఇది. సొంత బండి ఉన్నవాళ్లు గుండె చిక్కబట్టుకుని చదవండి.

శాలిబండలో మా ఉస్తాద్ జబ్బార్ భాయ్ షెడ్డులో అప్పుడు నేను మెకానిక్కుని. ట్రాలీ ఆటోలు తప్ప పెద్దగా ఏవీ ముట్టని రోజులు. ఆ దసరాకి గౌలిపుర పాల యాదమ్మ తన పాత పికప్పును పూజకు మా షెడ్డుకే తెచ్చింది. గేదెలకు గడ్డి తేవడానికి బురదలోకి పోవాలని, నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నది. ముందు చక్రాలు రెండింటికీ నట్టనడుమ చెరో గుండ్రని బిళ్ళ, దాని మీద చిన్న ముల్లు. రెండు ముళ్లూ పక్కకు వాలి ఉన్నాయి. వంకర కనిపిస్తే నాకు అన్నం సహించదు. తిప్పి నిటారుగా నిలబెట్టి, పైన నూనెలో కలిపిన పసుపు దట్టంగా రాసి కుంకుమ పెట్టాను. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, నేనెలాగూ మరిచిపోయాను.

పది రోజులకు పెద్ద వాన. బండి గడ్డిచేను దగ్గర బురదలో కూర్చుండిపోయింది. ట్రాక్టరుతో లాగించి మా దగ్గరికి తెచ్చారు. ఉస్తాద్ ఊరికి పోతూ, దీన్ని నువ్వొక్కడివే బాగుచేస్తే పక్కన ఖాళీగా ఉన్న మన షెడ్డు తాళంచెవి నీదే అన్నాడు. ఇంకేం కావాలి? రేకుల చిల్లుల్లోంచి మధ్యాహ్నపు ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతుంటే, బండి కింద వెల్లకిలా పడుకుని పక్క షెడ్డు మీద నా పేరు చదువుకున్నాను. నీలం బోర్డు, తెల్ల అక్షరాలు. ఎంతసేపు చదివానో తెలియదు.

తర్వాత బండిని జాకీల మీద లేపి, లివరును ఫోర్‌వీల్‌లో వేశాను. వెనక చక్రాలు తిరిగాయి. ముందుకు పోయే షాఫ్టూ తిరిగింది. ముందు చక్రాలు మాత్రం అలిగిన కొత్తల్లుడిలా కదల్లేదు. ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

"షాఫ్ట్ తిరుగుతున్నదా? గట్లైతే ఏం ఇప్పకు. ముందుగాల చక్రాల నడుమ సూడు."

చూశాను. ఎండిన బురద రాలిస్తే కింద నా బొట్లు, చెక్కుచెదరకుండా. కళ్లు చెమర్చాయి.

"మస్తుగున్నయ్ ఉస్తాద్," అన్నాను.

ఇక తప్పు లోపలి గేర్లదేనని తేల్చి, ముందు ఇరుసంతా విప్పాను. ఒక్కో గేరూ కడిగి పాత పేపరు మీద పరిచాను. ఒక్క పన్నూ అరగలేదు. అవి తళతళలాడుతుంటే మళ్లీ కల మొదలు. ఈసారి బోర్డుకి లైట్లు కూడా పెట్టించాను. యాదమ్మ రోజూ వచ్చి, గేదెలు ఆకలితో నన్నే తలుచుకుంటున్నాయని చెప్పి వెళ్లేది.

మూడో రోజు పొద్దున ఉస్తాద్ దిగాడు. పరిచిన గేర్లను ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చాడు. చక్రం ముందు గొంతుక్కూర్చుని గుడ్డతో బొట్టు తుడిచాడు. ముల్లు 'ఫ్రీ' అన్న అక్షరాల మీద నిటారుగా నిలబడి ఉంది. దాన్ని పక్కనున్న 'లాక్' మీదికి తిప్పితే తప్ప లోపలి ఇరుసుతో చక్రం కలవదట.

"గీ ముల్లు ఎవలు తిప్పిండ్రు?"

"పండుగ నాడు మీ శీనే, భాయ్," అంది యాదమ్మ మెచ్చుకోలుగా. "వంకరున్నదని సక్కగ వెట్టిండు."

సిగ్గుతో చచ్చిపోయాను. అన్నీ బిగించేసరికి సాయంత్రమైంది. ఉస్తాద్ జేబులోంచి తాళంచెవి తీశాడు. చెయ్యి చాచాను.

"ఇస్త గని, ముందు గిది సెప్పు. తాళం ఎటు తిప్పాలె?"

ఎటు తిప్పాలో నేను ఆలోచించేలోపే తాళంచెవి మళ్లీ జేబులోకి పోయింది. నా చేతికి రావడానికి ఇంకో దసరా పట్టింది. ఆ రోజే స్పానరు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: వంకరగా ఉన్నదాన్ని వంకరగానే పూజిస్తాను. మీరు ఎప్పుడైనా మా వైపు వస్తే, నీలం బోర్డు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. దయచేసి దాన్ని ముట్టుకోకండి.