నలుపు పోయిన సాంచా

గుట్టకిందిపల్లి గడిలో అహ్మద్ అలీకి ఒకటే పని. పేలిన తూటాలను మళ్ళీ పేలేటట్టు చేయడం. దేవరకొండ చుట్టుపక్కల ఏ దొర దగ్గరా ఇలాంటి మనిషి లేడని ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ఉండాల్సిన అవసరమేమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

దొర తండ్రి నిజాం కాలంలో హైదరాబాదు నుంచి ఒక జోడుగొట్టాల తుపాకి తెచ్చాడు. దాంతోపాటు ఇత్తడి తూటాలు, ఒక సాంచా కూడా వచ్చాయి. ఇత్తడి తూటా పేలినప్పుడల్లా కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బిన తూటా మళ్ళీ తుపాకిలో దిగదు. దాన్ని సాంచాలో, అంటే లోపల ఉక్కు పొదిగిన మందపాటి ఇత్తడి కడియంలో పెట్టి కొయ్యసుత్తితో కొడితే నడుము సన్నబడి కొలతకు వస్తుంది. అప్పుడు బారూదు మందు, ఛర్రా గుండ్లు నింపుకోవచ్చు. ఆ పని మొదట అలీ తండ్రి చోటే మియా చేశాడు. అతని తర్వాత సుత్తి, సాంచా, గడి గోడను ఆనుకుని ఉన్న ఒంటిగది అలీకి దక్కాయి.

జాగీర్లు పోయాయి. గడిలో గుర్రాలు పోయాయి, గుమాస్తాలు పోయారు. తుపాకి, అలీ మిగిలారు. పల్లికాయ చేలల్లో అడవిపందులు పడ్డప్పుడు తప్ప ఆ ఇద్దరితోనూ దొరకు పనిలేదు. అలీ పంది మాంసం ముట్టడు, పంది పేరు కూడా పలకడు. "గా జానవర్" అంటాడు. "నాది తూటా వరకే సర్కార్, తర్వాతిది మీకూ దానికీ నడుమ" అనేవాడు.

ఇదంతా సాఫీగా నడుస్తుండగా దొర కూతురికి పెళ్ళయింది. అల్లుడు నల్గొండలో వకీలు. పందుల వేట సరదాతో ఒక కొత్త తుపాకి కొని గడిలోనే ఉంచాడు. దానికీ ఒక సాంచా వచ్చింది. అదే కంపెనీ, అదే ముద్ర, అదే రూపు. కొత్త తుపాకి గొట్టం ఇరుకు, పాత తుపాకి గొట్టం వాడివాడి వదులు. కాబట్టి ఎవరి తూటాలు వారి సాంచాలో తీయాలి. రెండు సాంచాలూ ఒకే గూట్లో ఉండేవి.

"కలిసిపోతే ఎట్లరా?" అని దొర అడిగితే అలీ నవ్వాడు.

"సర్కార్, మా నాయిన చేతుల అరిగిన సాంచ. కండ్లు మూసుకుని పట్టుకున్నా చెప్త, ఏది పాతదో ఏది కొత్తదో."

ఆ మాట దొరకు ఎంతో నచ్చింది. వచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించాడు. వినిపించిన కొద్దీ అలీకి కూడా నిజమే అనిపించసాగింది. అసలు సంగతి ఏమిటంటే, పాతది తుపాకి నూనె తాగి తాగి మసిబొగ్గులా నల్లగా ఉండేది. కొత్తది పచ్చగా మెరిసేది. అలీ కళ్ళు తెరుచుకుని నల్లదాన్ని తీసుకునేవాడు. అందులో తప్పేమీ లేదు. కళ్ళు మూసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే.

ఆ ఏడు దసరాకు గడిలోకి అండాలు అనే కొత్త పనిమనిషి వచ్చింది. అచ్చంపేట వైపు పిల్ల, ఒళ్ళు దాచుకోదు. ఆయుధపూజకు గడిలోని ఇత్తడినంతా చింతపండు, ఇటుకపొడి వేసి తోమింది. అలీ పండుగ పొద్దున తుపాకుల గదికి వచ్చేసరికి పీట మీద రెండు సాంచాలు, రెండింటికీ కుంకుమబొట్లు, రెండూ బంగారు కడియాల్లా ధగధగలాడుతున్నాయి.

"బిడ్డా, గిండ్ల నల్లగున్నది ఏది?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు నల్లగ ఏడున్నది సాయబూ? రెండూ తెల్లగ చేసిన. ఒకదాన్ని తోమితోమి రెక్కలు పోయినయ్."

"గా ఒకటి ఏదే?"

"నాకేమెరుక? తోమినంకా గిన్నెలకు పేర్లు పెడతమా?"

సాంచాలో తూటా పెట్టి ఒక్క దెబ్బ కొడితే తేలిపోతుంది. పాతది వదులు, కొత్తది బిగువు. కానీ పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు పూజ ఎత్తే దాకా ముట్టుకోకూడదు. చోటే మియా కాలం నుంచీ ఆ గదిలో ఈ నియమాన్ని అందరికంటే గట్టిగా పాటించింది ఈ సాయబులే. అలీ పీట చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య రబియా జొన్నరొట్టె చేస్తోంది. "ముఖం గట్లున్నదేంది జీ?"

అలీ చెప్పాడు. ఆమె రొట్టె తిప్పింది. "అయితే పోయి తెల్వదని చెప్పు."

"తెల్వదంటే ఇంక నేనెందుకు గడిల?"

రబియా రొట్టె దించి అతని ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున పూజ ఎత్తేవేళకు అల్లుడు కూడా వచ్చి కూర్చున్నాడు. మామ మీద గౌరవం కొద్దీ మెల్లగానే మాట ఎత్తాడు. "మామా, హైదరాబాదులో తయారు తూటాలు డబ్బాల్లో దొరుకుతున్నాయి. ఒకసారి కాల్చి పారేస్తారు. ఈ సుత్తి, ఈ సాయబు ఎందుకు? కళ్ళు కూడా మసకబడ్డాయి. ఆ గది ఖాళీ అయితే నా జీపుకు జాగా అవుతుంది."

"కండ్లతో వానికేం పని?" అన్నాడు దొర. "వానిది చెయ్యి. కండ్లు మూసి చెప్తడు."

"చెప్పనీయండి మరి. చెబితే ఉంటాడు. చెప్పలేకపోతే జీపు ఉంటుంది."

దొర తన భుజం మీది తువ్వాల తీసి అలీ కళ్ళకు తానే కట్టాడు. రెండు సాంచాలూ రెండు చేతుల్లో పెట్టారు. అలీ ఒకదాన్ని వాసన చూశాడు. చింతపండు. రెండోదాన్ని చూశాడు. చింతపండే. వేలితో లోపలి అంచు తడిమాడు. ఇన్నేళ్ళు సుత్తి పట్టి కాయలు కాసిన వేళ్ళకు రెండూ నున్నగానే తగిలాయి. కుడిచేతిది కొంచెం బరువనిపించింది. బరువైనది పాతకాలపుదే అయి ఉంటుందని ఎందుకో తోచింది.

"ఇది పెద్ద సర్కార్ తెచ్చింది" అని కుడిచెయ్యి ఎత్తాడు.

అల్లుడు రెండింటినీ తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. "మామా, ఇతని ఎడమచేతి దాని మీద కంపెనీ ముద్ర అరిగిపోయింది. అరిగినదే కదా పాతది?"

వకీలు చెప్పింది అక్షరాలా నిజం. దొరకు నచ్చకపోవడానికి అదొక్కటే చాలింది. "నిన్నగాక మొన్న తుపాకి పట్టినోనివి, నీకేం తెలుసయ్యా? కొత్తదాంట్ల ముద్ర గూడ సక్కగ కొడ్తలేరు గీ కాలపు కంపెనీలు! మా నాయిన సాంచ నాకు తెల్వదా? చూడంగనే గుర్తుపట్టిన, వాడు చెప్తడా లేదా అని ఊకున్న."

దాంతో తీర్పు అయిపోయింది. దొర అలీ కళ్ళ కట్టు విప్పి, కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు. "కానియ్యి. నా తూటాలు నాయిన సాంచల, అల్లునియి అల్లుని సాంచల. నా ముందల్నే."

అలీ మొదటి తూటాను దొర సాంచాలో పెట్టి కొట్టాడు. అది బిగుసుకుని, మొరాయించి, నాలుగు దెబ్బలకు గాని దిగలేదు. అల్లుడి సాంచాలో పెట్టినది ఒక్క దెబ్బకు జారిపోయింది, చోటే మియా కాలంలో జారినట్టే. అలీ చేతిలో సుత్తి ఆగిపోయింది.

"ఏందిరా?" అన్నాడు దొర.

ఇప్పుడు నోరు తెరిస్తే తాను అబద్ధమాడినట్టే కాదు, చూడగానే గుర్తుపట్టిన దొర కూడా ఆడినట్టే. మొదటిదానికి గది పోతుంది. రెండోదానికి ఏం పోతుందో అలీ ఊహించలేకపోయాడు.

"ఏం లేదు సర్కార్. చెమట." తుడుచుకుని మళ్ళీ కొట్టసాగాడు.

తెల్లవారి పల్లికాయ చేలో పందుల మంద లేచింది. దొర తుపాకిలో తూటా నెయ్యిలా దిగింది; బిగువు సాంచాలో తీసిన తూటా వదులు గొట్టంలో దిగక ఏం చేస్తుంది? ఒక పంది పడింది. అల్లుడి తుపాకిలో తూటా గోరంత బయటే ఆగిపోయింది. నెట్టాడు, ఇంకొకటి మార్చాడు, తిట్టాడు. మిగతా మందంతా అతని ముందు నుంచే, తొందరేమీ లేకుండా గట్టు దాటింది.

"చూసినవా?" దొర ఆనందం చేలో పట్టలేదు. "కొత్తొక వింత, పాతొక రోత అంటరు. ఎవడన్నడో గాని వాడు సాంచలు చూడలే!"

గడికి తిరిగి రాగానే హుకుం వేశాడు. ఇకనుంచి అల్లుడి తూటాలు కూడా నాయిన సాంచాలోనే తీయాలి. తీశారు. బిగువు సాంచా కనుక అవి కూడా ఇరుకు గొట్టంలో చక్కగా దిగాయి. పాత సామాను మహిమ అల్లుడికే కళ్ళకు కట్టింది. నల్గొండ కచేరీలో తోటి వకీళ్ళకు అదే చెప్పసాగాడు. జీపు ఎప్పటిలాగే వేపచెట్టు కింద ఉండిపోయింది.

"మరి ఈ కొత్తది?" అని అలీ అడిగాడు.

"గా దరిద్రాన్ని నా కండ్లకు చూపియ్యకు. తీస్కపో, ఇంట్ల ఏమన్న చేస్కో."

అలీ తన తండ్రి చేతుల్లో అరిగిన సాంచాను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. పిల్లి ముట్టకుండా రబియా దాన్ని పాలగిన్నె మూత మీద బరువుగా పెట్టింది. గడిలో ఉన్నదాన్ని దొర అద్దాల బీరువాకు ఎక్కించాడు, పని ఉన్నప్పుడు మాత్రమే దించేవాడు. ప్రతి దసరాకు అండాలు దాన్ని తోమేది. "మా నాయిన తెచ్చింది. ఇన్నేండ్లయినా మెరుపు చూడుండ్రి, గీ కాలపుదానికి వస్తదా?" అని దొర చుట్టాలకు చూపిస్తే, అలీ పక్కన నిలబడి తల ఊపేవాడు. సుత్తి పట్టడం అలవాటైనట్టే ఆ తల ఊపడమూ అలవాటైపోయింది.

కొన్నేళ్ళకు ఒకనాడు అండాలు మజ్జిగ కోసం అలీ ఇంటికి వచ్చింది. గిన్నె మూత మీద సాంచా కనిపించింది. పొగకు, పాల జిడ్డుకు సగం నల్లబడి ఉంది.

"అయ్యో సాయబూ, గిట్లనా పెట్టుడు? ఇయ్యి, చింతపండు పెట్టి తోమిత్త. గడిలదాని లెక్క మెరుస్తది."

అలీ గబుక్కున లేచి సాంచా మీద చెయ్యి పెట్టాడు.

"వద్దు బిడ్డా. అది కొత్తది. జర నలుపెక్కనియ్యి."