పేడాలో పెట్టిన గోలి

నిన్న సాయంత్రం వరాలా తలావ్ చెరువు దగ్గరి మందుల షాపతను మాత్రల అట్ట నా ముందు పెట్టి, "ఆంటీ, బీపీ కా గోలీ ఆప్‌కా హీ హై నా?" అని గట్టిగా అడిగాడు. బీపీ మాత్రలు నావేనని ఎవరైనా విన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఒంట్లో బాగా లేకపోతే దాచుకోవద్దని పదిమందికీ బుద్ధులు చెప్పేదాన్ని. అయినా ఆ అట్టను సంచిలో మెంతికూర కింద తోసేదాకా నా చెయ్యి ఆగలేదు. ఈ దాచుకునే అలవాటు నాకు మా మేనమామ నుంచి వచ్చింది. బీపీ కూడా అటువైపు నుంచే వచ్చిందనుకోండి, దానికి ఆయనేం చేస్తాడు పాపం.

తొంభైల చివర్లో మామ కళ్యాణ్ దగ్గరి గైబీ నగర్‌లోని ఒక కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను ఇక్కడికి వలసొచ్చిన మావాళ్లు సాంచలంటారు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. ఆ చప్పుడులో బతికి బతికి ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినపడేది. ఒక్క బీపీ మాట మాత్రం చెవిలో చెప్పేవాడు. డాక్టరు "పొద్దున లేవగానే ఒక గోలి" అన్నాడు. పగటి పాళీ వారం మామ ఆ మాట జవదాటేవాడు కాదు. రాత్రి పాళీ వారం మాత్రం గోలి ముట్టేవాడే కాదు. అత్త నిలదీస్తే, "నేను లేచేది దీపాలు పెట్టే యాళ్లకు. పొద్దుగాల లేవనే లేస్తలేను, ఇగ గోలి ఎట్ల ఏస్కోవాలె?" అనేవాడు. డాక్టరు మాట మీద అంత గౌరవం! అలాంటి ఒక వారంలోనే స్నానానికి లేచి, కళ్లు తిరిగి గడప మీద పడ్డాడు. ఇలా వారం వేసి వారం మానేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు అత్తను కేకలేశాడు. అత్త ఇంటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను. ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. పాళీ మారేది పొద్దున ఎనిమిదికి. ఒక వారం మామ ఆ వేళకు పాళీ ఎక్కి లోపలికి పోతాడు, ఒక వారం పాళీ దిగి బయటికొస్తాడు. ఎటైనా మెలకువగానే ఉంటాడు, చేతిలో చాయ్ కూడా ఉంటుంది. ఆ చాయ్‌తోనే గోలి వేసుకోమని గొప్పగా చెప్పాను. మామ తల దించుకున్నాడు. "ఆ యాళ్లకు అందరు ఉంటరు గద బిడ్డా. బీపీ ఉన్నోడని తెలిస్తే ముకద్దం సాంచలు ఇయ్యడు. నడుస్తున్న సాంచ మీద పడి సస్తడేమోనని భయపడతడు." ముకద్దం అంటే పనివాళ్లకు సాంచలు పంచే మేస్త్రీ.

నా రిజల్టు రాత్రి పాళీ వారంలోనే వచ్చింది. మా వంశంలో మొదటి డిగ్రీ! కళ్యాణ్‌లో కాలేజీ బోర్డు మీద నా నంబరు చూసుకున్నాక రైలు నడిచిందో, నేనే నడిచానో తెలియదు. మర్నాడు ఎనిమిదింటికి కొత్త సల్వార్ కమీజ్ వేసుకుని, పేడాల డబ్బా పట్టుకుని కార్ఖానాకు పోయాను. మామ తల నిండా దూది, మొహం నిండా నవ్వు. "మా మేనకోడలు డిగ్రీ పాసయింది!" అని గల్లీ అంతా వినపడేటట్టు అరిచాడు. అందరికీ పంచి, చివర మామ అరచేతిలో పేడా పెట్టాను. అత్త నా రుమాలు కొసన ముడేసి పంపిన గోలిని దాని పక్కన పెట్టాను.

మామ గుప్పిట మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గోలిని పేడాలోకి నొక్కి నోట్లో వేసుకున్నాడు గానీ, మింగాల్సింది పోయి నమిలాడు.

పక్క సాంచలు నడిపే ఆయనను నేను బాబాయి వరసన కాక అంటాను. కాక చూడనే చూశాడు. "ఏంది బావా, కోడలు పాసయితే గట్ల మొహం పెట్టినవ్? ఫెయిలయితే నవ్వుతుంటివా?"

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. నన్ను చూశాడు, డబ్బాను చూశాడు. నా పేడా చేదని మాట పడడం ఇష్టం లేకనో ఏమో, "పేడా మంచిదేరా. అండ్ల బీపీ గోలి ఉన్నది" అన్నాడు. కార్ఖానాలో, అందరి ముందు, ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

ముకద్దం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సాంచల మీద పడవు గద?"

"రోజు ఏస్కుంటే పడను."

"గట్లయితే రోజు నా ముంగట్నే ఏస్కో. ఏస్కోని నాడు సాంచలు లేవు."

సాంచలు పోలేదు. ఆ తర్వాత ఏ పాళీ అయినా సరే, ఎనిమిదయ్యేసరికి మామ గోలి మింగేవాడు. కానీ తప్పు చేసిన బడిపిల్లాడిలా గోడవైపు తిరిగి మింగేవాడని కాక చెప్పేవాడు. ఆయన ప్రాణం నిలిచిందని నాకెంత సంతోషమో, ఆ గోడ తలుచుకుంటే అంత సిగ్గు. నా పట్టాను ఇంటి గోడకు తగిలించినప్పుడు కూడా అదే గుర్తొచ్చింది.

ఆ సాంచలు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. మామకు పాళీ అంటూ లేదు, అయినా ఎనిమిదింటికి ఆయన గోలి తప్పదు. ఈ పొద్దున నా మొదటి గోలి వేసుకోబోతూ గడియారం చూశాను, ఎనిమిదే అయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా గోడవైపు తిరిగాను. ఇన్నేళ్లలో అన్ని పాళీలూ మారాయి, మా సిగ్గు పాళీ ఒక్కటే ఇంకా దిగలేదు.