ఫ్రిజ్జు వెనక గాలి

గతవారం జురాంగ్ ఈస్ట్‌లోని మా ఫ్లాట్‌కి కొత్త ఫ్రిజ్జు వచ్చింది. తెచ్చినవాళ్లు దాన్ని వంటింటి మూలలో గోడకి ఆనించి, ముచ్చటగా సర్ది, నా సంతకం కోసం నిలబడ్డారు. కాస్త ముందుకి జరపమన్నాను. జరిపారు. ఇంకొంచెం అన్నాను. సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "అయ్యో అమ్మా, సో అగ్లీ లా! వై మస్ట్ హావ్ గ్యాప్?" అంది. "వెనకున్న వేడి పోతేనే ముందు సల్లబడతాది" అన్నాను. గుంటూరు జిల్లాలో పుట్టిన నా నోట్లోంచి 'సల్లబడతాది' అని ఎందుకొచ్చిందో ఆ పిల్లకి అర్థం కాలేదు. నాకు మాత్రం క్లెమెంటిలో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ గొంతు వినబడ్డట్టే అయింది. సంతకం పెట్టి వాళ్లని పంపించాక ఫ్రిజ్జు వెనక ఖాళీలో చెయ్యి పెట్టి చూశాను.

నేను మలేసియా పక్కనున్న ఈ ద్వీప నగరానికి వచ్చింది రొయ్యల జబ్బుల మీద పరిశోధన చెయ్యడానికి. యూనివర్సిటీకి దగ్గరని క్లెమెంటిలో ఒక తెలుగువాళ్ల ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. తెలుగువాళ్లంటే నేననుకున్న తెలుగువాళ్లు కారు. అంకుల్, ఆంటీ ఇద్దరూ మలేసియాలో తోటల్లో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల తాతలెప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. అంకుల్ పెళ్లయిన కొత్తలో ఆంటీని తీసుకుని ఇక్కడికి దిగి, జురాంగ్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యారు. పిల్లలు లేరు. వాళ్లింట్లో వినబడే తెలుగు మా ముత్తాతల కాలం నాటిది. దానిలో అరవం, మలయ్, ఇంగ్లీషు పోపులో ఆవాల్లా చిటపటలాడేవి. మొదటిరోజు సూట్‌కేసు దించకముందే ఆంటీ, "మకాన్ అయిందేటి పాపా?" అని అడిగితే నేను బిక్కమొహం వేశాను. తిన్నావా అని అడుగుతోందని తెలిసేసరికి నా ముందు చారన్నం, ఎండు నెత్తళ్ల వేపుడు ఉన్నాయి. సామాన్యంగా ఎండు చేప వాసనకి నేను ఆమడ దూరం. ఆ రోజు పళ్లెం ఊడ్చేశాను.

ఆంటీకి షుగరు. నేను చేరడానికి కొంచెం ముందే మాత్రలు చాలక ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది నొప్పికి ఆవిడ భయపడలేదు. ఆ సీసాలు ఫ్రిజ్జులో ఉండాలన్నారే, ఆ ఒక్క మాట ఆవిడ్ని ఇంటికి కట్టేసింది. వాడుతున్న సీసా కొన్నాళ్లు బయట ఉన్నా ఫరవాలేదని క్లినిక్‌లో నర్సు చెప్పినా నమ్మలేదు. పెళ్లిళ్లు మానేసింది. మలేసియాలోని పెరక్ రాష్ట్రంలో, తను పుట్టిన తోట పక్క ఊళ్లో, ఆవిడకున్న ఒకే ఒక్క తోబుట్టువు, అక్క ఉండేది. ఏటా వెళ్లొచ్చే అక్కగారింటికి కూడా వెళ్లడం మానేసింది. ఐసు పెట్టె పట్టుకెళ్లొచ్చు కదా ఆంటీ అని నేను తెలివిగా ఒక ఉపాయం చెప్పాను. "ఐసు కరిగిపోతే? ఆళ్లింటికెల్లి, మీ సేపల పక్కన నా మందు ఎట్టుకోండని అడగాలా? ఇంతకాలం ఎవరి సేతా ఒక మాటు అనిపించుకోనేదు. ఒగ్గేయ్ పాపా" అంది. అప్పుడర్థమైంది, ఆవిడ అసలు బాధ సీసా వెచ్చబడుతుందని కాదు. జబ్బుమనిషిగా ఒకరి గుమ్మం తొక్కడం ఆవిడకి చేతకాలేదు.

అంకుల్ ఆవిడతో వాదించలేదు. ఆయనది వేరే దారి. ఒకరోజు భోజనాల దగ్గర, "ఇల్లొదిలి రానంతాది కదా, ఇల్లే అట్టుకెల్తాను" అన్నారు. మేము నవ్వాం. ఆ శనివారం మమ్మల్నిద్దర్నీ రైల్లో క్రాంజీ తీసుకెళ్లి, అక్కణ్ణుంచి బస్సెక్కించి, ఒక కూరగాయల తోట దగ్గర దింపారు. ఆ తోట ఆయన పాత స్నేహితుడిది. చైనీయుడు, వయసులో పెద్దవాడు. ఇక్కడ యజమానిని పిలిచినట్టే అందరం ఆయన్ని తౌకే అనేవాళ్లం. తోట చివర, బొప్పాయి చెట్ల పక్కన, నాచు పట్టి పచ్చబడిపోయిన ఒక కారవాన్ నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. అంకుల్ ఆఫీసులో పనిచేసిన ఒక తెల్లాయన స్వదేశానికి వెళ్లిపోతూ కారుచౌకగా వదిలేసి వెళ్లాడట. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, నడుమెత్తు ఫ్రిజ్జు. ఆంటీ మెట్టెక్కి ఫ్రిజ్జు తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి, "పనాస్! మన అలమార ఇంతకన్నా సల్లగుంతాది" అని తలుపు వేసేసింది. పనాస్ అంటే వేడి. ఆ మాటకి అర్థం నేను అడగనక్కర్లేకపోయింది. తరవాత ఆవిడ అంకుల్ వైపు తిరిగి, "ఇది ఎర్రటెండలో పాలు ఇరక్కండా ఆపిందంటే సెప్పండి, నానొస్తాను" అంది. ఎప్పటికీ రాననడానికి అదొక మర్యాద అనుకుంది పాపం.

అప్పటినుంచీ మా ఆదివారాలన్నీ క్రాంజీలోనే. ఆ ఫ్రిజ్జు మన ఇళ్లలో ఉండే రకం కాదు. మోటారు ఉండదు, చప్పుడు ఉండదు. కింద చిన్న గ్యాసు మంట వెలుగుతుంది. ఆ వేడికే వెనక గొట్టాల్లోని మందు పైకీ కిందికీ తిరుగుతూ లోపలి వేడిని లాక్కొచ్చి వెనక పారబోస్తుంది. నిప్పు పెడితే చల్లబడే పెట్టె! అంకుల్‌కి ఆ సంగతి మహాభారతంలో కొత్త పర్వం దొరికినంత ఆనందం. "సూడు పాపా, నువ్వు యూనివర్సిటీ కదా, నీకు తెలీనిదేటుంది" అంటూ టార్చిలైటు నా చేతిలో పెట్టేవారు. నాకు తెలిసిందల్లా రొయ్య పెంకు మీద తెల్లమచ్చ. అయినా తల ఊపుతూ టార్చి పట్టుకునేదాన్ని. మొదట కారవాన్ ఒక పక్కకి ఒరిగి ఉందని కనిపెట్టారు. ఒరిగితే గొట్టాల్లో మందు సరిగా తిరగదట. తౌకే పలకలు తెచ్చి చక్రాల కింద పెట్టించాడు. నేల మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకుల్, తౌకే ఇద్దరూ బోర్లా పడుకుని, నీటి అంచు సమంగా ఉందా లేదా అని, ఒకరు మలయ్‌లో, ఒకరు చైనీసులో గొణుక్కుంటూ చూసేవారు. ఫ్రిజ్జు కొంచెం నయమైంది. పాలు మాత్రం విరిగాయి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మార్చారు. పాలు విరిగాయి. విరిగిన పాలతో ఆంటీ కోవా చేసి, తను తినకూడదు కనక మా ముగ్గురికీ పెట్టేది. ఆ కోవా తింటుంటే అంకుల్ మొహం చూడాలి.

చివరికి దారి చూపించింది దోమలు. వానొచ్చి వెలిసిన ఒక మధ్యాహ్నం దోమలు మమ్మల్ని మోసుకుపోతుంటే ఆంటీ దోమల చుట్ట వెలిగించి, గాలి తగలని చోటు వెతికి, ఫ్రిజ్జు వెనక బయటి గోడకున్న కింది చిల్లుల పలక దగ్గర పెట్టింది. గోడకి కింద ఒకటి, పైన ఒకటి అలాంటి పలకలు ఉంటాయి. కింద నుంచి చల్లగాలి లోపలికి పోయి, గొట్టాలకి తగిలి, వేడెక్కి, పై పలకలోంచి బయటికి పోవాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తోటకూర ఒలుస్తున్న ఆంటీ కాసేపు ఆ పొగనే చూసి, "ఏటండీ, ఇది లోనకెల్లి మళ్లీ కిందనుంచే ఒచ్చేస్తంది! పైకి ఎల్లదేటి?" అంది. అంకుల్ పరిగెత్తుకొచ్చారు. తౌకే వచ్చాడు. నలుగురం ఆ పొగ చుట్టూ, పురిటిగది బయట చుట్టాల్లా నిలబడ్డాం. పొగ నిజంగానే లోపలికి వెళ్లి, దారి తెలియని మనిషిలా తచ్చాడి, వచ్చిన దారినే తిరిగొస్తోంది.

పై పలక విప్పితే కందిరీగలు మట్టితో కట్టిన గూళ్లు బయటపడ్డాయి. ఎన్నాళ్లవో, ఎండి రాయిలా ఉన్నాయి. అంకుల్ వాటిని గీకి తీశారు. గొట్టాలకీ గోడకీ మధ్య మరీ ఎక్కువ ఖాళీ ఉండటంతో గాలి గొట్టాలని తాకకుండా పక్కనుంచి పోతోందని తౌకే పట్టుకున్నాడు. ఒక అల్యూమినియం రేకు వంచి ఆ ఖాళీని మూసి, గాలిని గొట్టాల మీదికే మళ్లించారు. మా ల్యాబులో పారేసిన కంప్యూటర్లోంచి నేను చిన్న ఫ్యాను ఒకటి ఊడదీసి తెచ్చాను. దాన్ని పై పలక దగ్గర బిగించి బ్యాటరీకి తగిలిస్తే, వెనక చేరిన వేడిగాలిని బయటికి తోసెయ్యడం మొదలెట్టింది. ఆంటీ మళ్లీ దోమల చుట్ట పెట్టింది. పొగ కింద దూరి, ఒక్క క్షణం మాయమై, పైనుంచి సన్నగా, నిటారుగా బయటికి వచ్చింది. "ఎల్లింది! ఎల్లింది!" అని అరిచింది ఆంటీ. తన పందెం తనే ఓడిపోతున్నానని ఆవిడకి ఆ క్షణంలో గుర్తులేదు. మరుసటి ఆదివారం ఎండలో పాలు నిలిచాయి. ఆంటీ రెండుసార్లు వాసన చూసి, టీ పెట్టి, కప్పు అంకుల్‌కి అందిస్తూ, "సరే. అక్కకి ఫోన్ సేస్తాను" అంది.

సరిహద్దు దాటించడానికి కాగితాలవీ పూర్తయి, జొహోర్‌లో ఉండే అంకుల్ మేనల్లుడు తన పికప్ బండి తెచ్చి కారవాన్ తగిలించుకునేసరికి నాకు యూనివర్సిటీ సెలవులొచ్చాయి. నన్నూ రమ్మన్నారు. వంతెన దాటి మలేసియాలో అడుగుపెట్టాక అంకుల్ పాత తోటపాటలేవో కూనిరాగాలు తీశారు. ఆంటీ మాత్రం ఆగిన ప్రతిచోటా దిగి, కారవాన్ ఎక్కి, ఫ్రిజ్జులో పెట్టిన థర్మామీటరు చూసి వచ్చేది. పెరక్ సరిహద్దు ఇంకా రాకుండానే పికప్ టైరు పేలింది. స్పేరు టైరులో గాలి లేదు. హైవే పక్కన చోటు దొరికింది కానీ చెట్టు నీడ లేదు. మేనల్లుడు టైరు భుజాన వేసుకుని లారీ ఒకటి ఆపి ఎక్కి వెళ్లాడు. పడమటి ఎండ సూటిగా ఫ్రిజ్జున్న గోడ మీదే పడుతోంది. బండిని తిప్పే వీలు లేదు. బండి కదిలేటప్పుడు ఆర్పేసిన గ్యాసు మంటని అంకుల్ మళ్లీ వెలిగించారు, ఫ్యాను వేశారు. అయినా థర్మామీటరు ముల్లు మెల్లగా పైకి జరగడం మొదలెట్టింది.

ఆంటీ మొహం వాడిపోయింది. "ఎనక్కెల్లిపోదాం. నాకు తెలుసు, నా మూలంగా ఇలాగే అవుతాదని తెలుసు. అక్కకి ఏదోటి సెప్పేద్దాం" అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంకుల్ పెద్ద నల్ల గొడుగు తీసుకుని దిగి, బండి పక్కకి వెళ్లి, ఆ గోడకి నీడ పడేలా గొడుగు చాపి పట్టుకుని నిలబడ్డారు. ఆయన నెత్తి మీద మాత్రం ఎండ మండిపోతోంది. బట్టతల రాగిచెంబులా మెరుస్తోంది. పోయే లారీలవాళ్లు హారన్లు కొడుతున్నారు. నేను ఇంకో గొడుగు పట్టుకుని ఆయన పక్కన చేరాను. కిటికీలోంచి చూస్తున్న ఆంటీ కాసేపటికి దిగి వచ్చింది. "ఏటండీ ఇది, ఫ్రిజ్జుకి గొడుగేటండీ!" అంది. కోపంగా అనబోయింది కానీ సగంలో నవ్వొచ్చేసింది. ఆ నవ్వుకి మాకూ ఆగలేదు. అంకుల్ నవ్వుతూనే గొడుగు కదలకుండా పట్టుకున్నారు. ఆంటీ తన తువాలు తడిపి ఆయన నెత్తిన వేసి, నా చేతిలో గొడుగు తీసుకుని ఆయనకి పట్టింది. మేనల్లుడు టైరుతో తిరిగొచ్చేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నేను ఎక్కి థర్మామీటరు చూశాను. ముల్లు ఆగింది. కిందికి చూసి చెప్పాను. "ఇంకెనక్కేటి, పదండి" అంది ఆంటీ.

అక్కగారి ఇల్లు రోడ్డు పక్కనే, తగరపు కప్పుతో. ఆవిడ ఆంటీకన్నా పొట్టి, గొంతు మాత్రం ఊరంతటికీ వినబడేది. అక్కచెల్లెళ్లు వాకిట్లో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, కారవాన్ చూద్దామని ఎక్కారు. ఆంటీ సిగ్గుపడుతూ ఫ్రిజ్జు తలుపు తీసి, "ఇదిగో, దీని కోసమే ఇదంతా" అని సీసాలు చూపించింది. పెద్దావిడ వాటిని చూసి, దిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అక్క నొచ్చుకుందనుకుంది. ఇంతలో ఆవిడ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని తిరిగొచ్చి, మూత తీసి మా ముందు పెట్టింది. అందులోనూ అవే సీసాలు, అవే సూదులు. "నాకెప్పట్నుంచో ఉందే. నీకు సెప్తే బెంగెట్టుకుంతావని సెప్పనేదు. నువ్వు రానేదని నాను ఏడిస్తే, దీనికా నువ్వు రానిది!" అంటూ చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది. తరవాత డబ్బాలోని సీసాలన్నీ తీసి, ఆంటీ సీసాల పక్కన వరసగా పేర్చి, "ఇక్కడుండనీ. నీ బండి ఫ్రిజ్జు మా ఇంటిదానికన్నా బాగుంది" అంది. గుమ్మంలో నిలబడి వింటున్న అంకుల్‌కి అంతకన్నా బిరుదు అక్కర్లేకపోయింది. భోజనాలవేళ అక్కచెల్లెళ్లిద్దరూ ఆ ఇరుకు మంచం మీద పక్కపక్కన కూర్చుని, ఒకరి మందు ఒకరు చూసుకుంటూ సూదులు వేసుకున్నారు.

ఆ తరవాత కారవాన్‌తో పెద్దగా పని పడలేదు. ఆంటీ బస్సెక్కి ఎవరింటికైనా వెళ్లి, తనే ఫ్రిజ్జు తలుపు తీసి, చేపల పక్కన చోటు చేసుకుని సీసా పెట్టేసుకునేది. అంకుల్ కొంచెం నొచ్చుకున్నారు, కొంచెం గర్వపడ్డారు. ఆయన పోయాక ఆంటీ క్లెమెంటి ఫ్లాట్ అమ్మేసి అక్క దగ్గరికే వెళ్లిపోయింది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తే వెనకనుంచి పెద్దావిడ కేకలు వినిపిస్తాయి. ఆంటీ నాతో ఒక మాట, ఆవిడతో రెండు మాటలు మాట్లాడుతుంది. ఫోన్ పెట్టేశాక నాకు ఎప్పుడూ ఆ హైవే పక్కన ఎండే గుర్తొస్తుంది. తడి తువాలు కింద అంకుల్ మొహం, ఆ పక్కన నవ్వాపుకోలేని ఆంటీ. కాలం గడిచిపోతుందంటారు గానీ, కొన్ని మధ్యాహ్నాలు ఎక్కడికీ పోవు. ఉన్నచోటే ఉంటాయి, మనమే వాటిని దాటుకుని వచ్చేస్తాం.