బారువ అలల్లో మూడో మనిషి

దెయ్యాన్ని చూశానని ఎవరైనా చెప్తే, ఆ పూట ఏం తాగావని అడిగే రకం నేను. మా కొబ్బరితోట ఊరి శ్మశానాన్ని ఆనుకుని ఉండేది. కాయ దింపే రోజుల్లో దొంగల భయానికి అక్కడే మంచం వేసుకుని పడుకునేవాణ్ణి. దోమలు తప్ప నన్నేవీ పీడించలేదు. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా దెయ్యాలు లేవనే అంటాను. ఒక్క పొద్దుటి సంగతి మాత్రం ఆ మాటకి లొంగదు. అదే రాస్తున్నాను.

మొదటి ప్రపంచయుద్ధం ఇంకా రాని రోజులవి. మాది టెక్కలికి తూర్పున ఉద్దానం పల్లె. అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. పెళ్ళయిన రెండో ఏడు బారువ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళాడు. మొదటి సంవత్సరం రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

రంగూన్ నుంచి తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగేవాళ్ళం. బియ్యం మిల్లులో చూశానని ఒకడన్నాడు. కలరాలో పోయాడని విన్నానని మరొకడు. అక్కడే ఇంకో సంసారం పెట్టాడని ఇంకొకడు. ఎవరి మాటకీ ఆధారం లేదు. వదిన మాత్రం రోజూ పొద్దున్నే ఇంత బొట్టు పెట్టుకుని పనిలో పడేది.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. అన్నేళ్ళు కబురు లేని మనిషిని పోయినవాడి కిందే జమకట్టడం మా కుటుంబాల్లో ఆచారం. మోదుగాకులతో, దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకి దహనం చేస్తారు. అక్కణ్ణుంచి అతనికి ఏటేటా తద్దినం. అతని భార్యకి బొట్టూ గాజులూ ఉండవు. అన్నయ్యకి బిడ్డల్లేరు కనక ఈ కర్మ నేనే చెయ్యాలి. నాకు ఇష్టం లేక ఏదో వంక చెప్పి దాటేసేవాణ్ణి.

కానీ నా బిడ్డలు ఇద్దరు పురిట్లోనే పోయారు. నా భార్య పార్వతికి మూడో కడుపు, ఆరో నెల. మా ఇంటికి పెద్దదిక్కు మా మేనత్త. ఆవిడ వాకిట్లో కూర్చుని నన్ను నిలేసింది.

"కర్మ సెయ్యక మీ అన్న దాహంతో తిరుగుతన్నాడ్రా. ఇద్దర్ని పట్టుకెళ్ళిపోనాడు. ఈ కడుపు కూడా పోవాలా ఏటి?"

పార్వతి పొట్ట మీద చెయ్యి తీయకుండా ఇంట్లో తిరుగుతుండేది. దాని మొహం చూస్తే నా తెలివితేటలు నాకే అసహ్యం వేసేవి.

వదినకి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఆయన ఓడెక్కిన కాడే సెయ్యి బాబూ. ఇంకేటీ అడగను" అంది.

మాఘమాసంలో నౌపడలో రైలెక్కాం. నేను, వదిన, అత్త, పురోహితుడు. పార్వతి ప్రయాణం చెయ్యకూడదు కనక ఇంటి దగ్గరే ఉంది. పలాస దాటి మందసలో దిగి, అక్కణ్ణుంచి ఎడ్లబండి. మొగలి పొదల మధ్య ఇసకదారిలో సాయంత్రానికి బారువ చేరాం. కొబ్బరి వర్తకుడు ఒకాయన తెలిసినవాడుంటే వాళ్ళింట్లో దిగాం.

బారువ అప్పట్లో పేరున్న రేవు. సముద్రానికి ఎదురుగా దొరల బంగళాలు వరసగా ఉండేవి. ఎండాకాలంలో దొరలూ దొరసానులూ గాలి మార్పు కోసం వచ్చి పడేవాళ్ళు. అక్కడి అలలు పొట్టేళ్ళలాగా కుమ్ముతాయి. అందుకని వాళ్ళ చెయ్యి పట్టుకుని స్నానం చేయించే జాలర్లు ఉండేవాళ్ళు. వాళ్ళకి అదే పని. మేం వెళ్ళింది చలికాలం కనక బంగళాలన్నీ తాళాలు వేసి ఉన్నాయి. వరండాల్లో ఇసక పేరుకుపోయింది.

వదిన సముద్రం చూడడం అదే మొదలు. ఆ బంగళాల ముందు నడుస్తూ వింతగా అడిగింది.

"ఈలు ఉత్తినే తానం సెయ్యడానికి ఇంత దూరం వత్తారా బాబూ?"

అవునన్నాను. పుణ్యానికి కూడా కాదా అంది. కాదన్నాను. ఆవిడ నవ్వింది. రేపు ఏం జరగబోతోందో తెలిసి కూడా ఆవిడ నవ్వగలిగిందంటే నాకు ఏడుపొచ్చింది. తల తిప్పుకున్నాను.

మర్నాడు తెల్లారాక ఒడ్డుకి వెళ్ళాం. కర్మకి ముందు వదిన ఒక్క కోరిక కోరింది. దంపతులు సముద్రస్నానం చేసేటప్పుడు కొంగుముడి వేసుకుంటారు. భర్త దగ్గర లేకపోతే అతని ఉత్తరీయానికి ముడేసుకుని చేసే ఆడవాళ్ళున్నారు. వదిన మూటలోంచి అన్నయ్య పెళ్ళినాటి ఉత్తరీయం తీసింది.

"ఈ ఒక్క తానం మొగుడితో సేసుకుంటాను. అడ్డు సెప్పకండి" అంది.

అత్త కళ్ళు తుడుచుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఎర్రయ్య అనే జాలరిని మాట్లాడాను. నలభై ఏళ్ళు దాటిన గట్టి మనిషి. వదిన కుడిచెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపాడు. ఉత్తరీయం ఒక కొస ఆవిడ కొంగుకి ముడేసి ఉంది. రెండో కొస ఎడంపక్క వదులుగా నీళ్ళ మీద తేలుతోంది. నేను ఇరవై అడుగుల దూరంలో ఒడ్డున నిలబడ్డాను. అత్తకి అంత దూరం చూపు ఆనదు. పురోహితుడు సముద్రానికి వీపు పెట్టి దర్భలు సర్దుకుంటున్నాడు. ఆ దరిదాపుల్లో ఇంకెవరూ లేరు.

ఒక పెద్ద అల వచ్చి ఇద్దర్నీ ముంచింది. అది వెనక్కి వెళ్ళాక చూస్తే ముగ్గురున్నారు.

మూడో మనిషి వదినకి ఎడంపక్కన, నడుము లోతు నీళ్ళలో, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరో స్నానానికి దిగాడులే అనుకున్నాను. తర్వాత ఉత్తరీయం చూశాను. అల వెనక్కి లాగుతున్నప్పుడు గుడ్డ సముద్రం వైపు పోవాలి. అది పోలేదు. వదిన కొంగు నుంచి అతని భుజం దాకా బిగిసి ఉంది.

అతని ఎడం భుజం కిందికి జారి ఉంది. మా అన్నయ్య చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడి జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అది వంకరగా అతికింది. ఆ భుజం వెనకాల నేను పదేళ్ళు నడిచాను. ఇంకొకరిది అనుకునే అవకాశం లేదు.

ఇంకొకటి కూడా చూశాను. తల వెనకవైపు జుట్టు నెరిసి ఉంది. మా ఇంటి మగవాళ్ళకి ముప్పై అయిదు రాకుండానే అక్కడ నెరుస్తుంది. నాన్నకీ అంతే, తర్వాత నాకూ అంతే. అన్నయ్య ఓడెక్కిన నాడు ఇరవై నాలుగేళ్ళవాడు, జుట్టంతా నల్లగా ఉండేది. ఎదురెండలో భ్రమపడ్డానేమో అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఆ పొద్దున ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది.

రెండో అల వచ్చి వెళ్ళింది. ముగ్గురూ ఉన్నారు. మూడో అల తర్వాత ఇద్దరే మిగిలారు. ఉత్తరీయం వదిన కాళ్ళ చుట్టూ తేలుతోంది.

పైకి వచ్చాక ఎర్రయ్య వెనక్కి తిరిగి వెతికాడు.

"ఆ బాబేడీ?" అన్నాడు.

"ఏ బాబు?" అన్నాను.

"అమ్మకి ఆ పక్కన నిలబడ్డాడు కదా. ఆయన ఉన్నాడు కదాని నాను ఒక సెయ్యే పట్టుకున్నాను. నేకపోతే రెండు సేతులూ పట్టుకుందును."

నేను తడి ఇసక దగ్గరికి వెళ్ళి అడుగులు చూశాను. నా బుద్ధి అలాంటిది. లోపలికి ఇద్దరివి, బయటికి ఇద్దరివి. అంతే.

అత్త నన్ను చూసి "ఏట్రా, మొహం అలగుంది?" అంది. చలి అన్నాను.

పోయినవాడైతే పోయిన వయసులోనే ఉండాలి. చచ్చినవాడికి జుట్టు నెరవదు. ఎక్కడో బతికి ఉండి, నాతో పాటే ముదురుతున్న మనిషి అతను. ఆ మాట ఒడ్డున నిలబడి ఉండగానే నాకు తట్టింది. తట్టలేదని చెప్తే అబద్ధం.

వదిన తల వంచుకుని కొంగు పిండుకుంటోంది. ఆవిడకి ఏమైనా తెలిసిందో లేదో మొహం చూసి పోల్చుకోలేకపోయాను.

పురోహితుడు "కానిద్దామా?" అన్నాడు.

ఇంటి దగ్గర పార్వతి కళ్ళముందు మెదిలింది. అత్త మాటలు మెదిలాయి. పోయిన బిడ్డల్ని ఈ చేతులతోనే పాతిపెట్టి వచ్చాను.

"కానివ్వండి" అన్నాను.

మోదుగాకుల బొమ్మకి నేనే నిప్పు పెట్టాను. అత్త వదినకి బొట్టు చెరిపింది, గాజులు తీసింది. ఆవిడ ఏడవలేదు.

మూడు నెలల తర్వాత మాకు ఆడపిల్ల పుట్టింది. బతికింది. పెంచింది వదినే. ఆ తర్వాత కూడా అన్నయ్య నుంచి మంచీ చెడూ ఏ కబురూ రాలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత వదిన మంచాన పడింది. ఒక మధ్యాహ్నం మజ్జిగ తాగించడానికి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది.

"బారువలో నువ్వు సూసినావు కదా బాబూ."

ఇరవై ఏళ్ళు నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట అది. తలూపాను.

"నేను తిరిగి సూడనేదు. గుడ్డ బిగిసినప్పుడే తెలిసింది. తిరిగితే ఎల్లిపోతాడేమోనని ఊరుకున్నాను" అంది.

"మరి ఆ పూట ఒక్క మాట ఎందుకు అనలేదు వదినా? నువ్వు వద్దంటే ఆపేసేవాణ్ణి."

"పార్వతి కడుపుతో ఉంది కదా" అంది.

నేను ఆవిడ చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. నా బిడ్డ కోసం నేను నోరు మూసుకున్నాను. నా బిడ్డ కోసమే ఆవిడా నోరు మూసుకుంది. ఒక్కరు నోరు విప్పినా ఆవిడ బతుకు వేరేగా ఉండేది.

వారం తిరక్కుండా వదిన పోయింది. పాడె మీద పెట్టేముందు ఆవిడ నుదుట కుంకుమ పెట్టమన్నాను. విధవకి కుంకుమేమిటని ఊరంతా నోరు నొక్కుకుంది. పురోహితుడు లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ ముందుకు రాకపోతే మా అమ్మాయి పెట్టింది.

అన్నయ్యకి మాత్రం ఏటా తద్దినం పెడుతూనే ఉన్నాను, మొన్నటి మాఘం దాకా. పెదనాన్న బతికి ఉన్నాడని పెద్దమ్మకి కుంకుమ పెట్టించావు, పోయాడని పిండం పెడుతున్నావు, ఇదేం లెక్క నాన్నా అంటుంది మా అమ్మాయి.

నాకూ తెలియదు.