ఆఖర్న చెప్పిన పేరు

నా చిన్నప్పుడు టీవీలో బాక్సింగ్ ఉందంటే అమెరికాలో మేముండే నోవై ఊరి తెలుగువాళ్ళలో సగం మంది మా బేస్‌మెంట్‌లోనే ఉండేవారు. అప్పటికి మేము పది పన్నెండు కుటుంబాలం. నాన్నలంతా కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. అందరిదీ ఒకటే చర్చి. బయట మోకాలి లోతు మంచు, లోపల పేపర్ ప్లేట్లలో చికెన్ పకోడీ. మా నాయనమ్మ శాలువా కప్పుకుని మూల సోఫాలో కూర్చునేది. బాపట్ల పక్క పల్లె నుంచి వచ్చిన ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి టీవీలో ఎవరేమన్నారో నేనే చెప్పాలి. ఆ బేస్‌మెంట్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లో ఇద్దరు బాక్సర్లుండేవారు. చాంపియన్ నల్లజాతివాడు. అతని చేతిలో రెండుసార్లు ఓడినవాడు తెల్లవాడు. బెల్టు చాంపియన్ దగ్గరుంటే అభిమానమంతా ఓడినవాడికే. టీవీ ప్రకటనల్లో అతనే, మా సండే స్కూల్ గది గోడ మీదున్న పోస్టర్‌లోనూ అతనే. మ్యాచ్‌కి ముందు ఎదుటివాణ్ణి నానా మాటలూ అనడంలో ఇద్దరూ ఇద్దరే. ఆ మాటలు తెల్లవాడు అంటే మా అంకుల్స్‌కి అది కాన్ఫిడెన్స్. నల్లవాడు అంటే పొగరు. గెలిచాక మోకాళ్ళ మీద పడి యేసయ్యకి స్తోత్రం చెప్పడం కూడా ఇద్దరికీ అలవాటే. ఒకతనికి ఆమేన్ అనేవారు, ఇంకొకతన్ని చూసి ‘ఏం యాక్షన్రా బాబూ’ అని పడీ పడీ నవ్వేవారు. నేను ఒక్క ముక్క వదలకుండా నాయనమ్మకి చెబుతూ ఉండేదాన్ని. ఒక శనివారం ఆవిడ నన్ను పక్కకి లాగి, “ఇద్దరూ ఒకటే మాటన్నారుగా అమ్మాయ్, మరి ఈళ్ళెందుకు నవ్వుతున్నారు?” అని అడిగింది. పదకొండేళ్ళ నేను టీవీ వైపు తిరిగి తర్వాతి మాట చెప్పడం మొదలుపెట్టాను.

ఆ చలికాలంలోనే చర్చిలో పిల్లల ఆదివారం వచ్చింది. నచ్చిన విశ్వాసి గురించి ఒక్కొక్కరం రెండు నిమిషాలు తెలుగులో చెప్పాలి. నేను ఆ చాంపియన్ గురించి రాసుకున్నాను. మంచాన పడిన తల్లికి తన చేత్తో అన్నం తినిపించడం, తాను పుట్టిన వీధిలో పిల్లలకి ఉచితంగా బాక్సింగ్ నేర్పడం, అన్నీ రాశాను. సండే స్కూల్ చూసే అంకుల్ కాగితం చదివి, పెన్ను తీసి, అతని పేరు కొట్టేశారు. దాని పైన పోస్టర్‌లో ఉన్నవాడి పేరు రాశారు. మిగతాదంతా బాగుంది, అలాగే ఉంచమన్నారు! నేను రాసినవాడు గుడ్ ఎగ్జాంపుల్ కాదన్నారు. ఎందుకు కాదో చెప్పలేదు. ఒకడి మంచితనాన్ని ఊడబెరికి ఇంకొకడికి తగిలించడం, అదీ దేవుడి మందిరంలో.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాయనమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, మా తాతయ్య సంగతి చెప్పింది. తాతయ్యకి బడిపంతులు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇస్త్రీ చొక్కా వేసుకుని సైకిల్ మీద పెద్దకులాల వీధిలోంచి వెళ్ళాడట. మావాళ్ళు ఆ వీధిలో సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. ఆయన దిగలేదు. పొగరెక్కిందని చెయ్యి విరగ్గొట్టారు. ఆ వీధి కుర్రాళ్ళు అలాగే తొక్కుకుంటూ పోతే దర్జా అనేవారట. కింద కూర్చుని నవ్వేవాళ్ళ తాతలంతా సైకిళ్ళు దిగి నడిచినవాళ్ళే అని కోపంగా అంది. తర్వాత నాకొక ఉపాయం చెప్పింది. “పేరు ముందు చెప్పమాకు. ఆఖర్న చెప్పు. పేరు విన్నాక ఈళ్ళు ఇంకేం వినరు.” ఆ వారమంతా ఆ పేరు పలకడం నా దగ్గర నేర్చుకుంది కూడా. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఆదివారం పేరు లేకుండానే మొదలుపెట్టాను. తల్లికి అన్నం తినిపించిన సంగతి చెప్పేసరికి ఒక ఆంటీ కళ్ళు తుడుచుకుంది. మాటమాటకీ ఆమేన్‌లు. అందరికంటే గట్టిగా అన్నది సండే స్కూల్ అంకులే. ఇక మిగిలింది పేరొక్కటే. అంకుల్ నా వంక చూసి చిరునవ్వుతో తల ఊపారు. పేరు చెప్పకుండానే థాంక్యూ అని వచ్చి కూర్చున్నాను.

అంకుల్ మైక్ అందుకుని, అలాంటి కొడుకుని కన్న తల్లి ధన్యురాలంటూ పోస్టర్‌లో ఉన్నవాడి పేరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలో మా నాయనమ్మ లేచింది. వారమంతా నేర్చుకున్న పేరు పలికింది. సరిగ్గా రాలేదు, అయినా ఎవరి పేరో అందరికీ అర్థమైంది. “ఇప్పుడనండి ఆమేన్” అంది. ఒక్కరూ అనలేదు. మా అమ్మ తల దించుకుంది.

ఏమీ మారలేదు. పోస్టర్ తియ్యలేదు. తర్వాతి మ్యాచ్‌కి అంకుల్స్ మళ్ళీ వచ్చి, మళ్ళీ నవ్వారు. వాళ్ళ మీద కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు. కానీ అంతకంటే ఎక్కువ కోపం నా మీదే. పేరు నాలుక చివరున్నా మింగేశాను. ఎనభై ఏళ్ళ మనిషి, నడుం నొప్పితో, నా బదులు లేచి నిలబడాల్సొచ్చింది.

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. మొన్న మా అబ్బాయి, వాడి స్నేహితులు బోనులో కొట్టుకునే ఫైట్ చూస్తూ, ఒక నల్లజాతి ఫైటర్‌ని పట్టుకుని వీడికి ఎంత యాటిట్యూడో అని నవ్వారు. పోయినవారం ఒక తెల్లతను అచ్చంగా అవే మాటలంటే లెజెండ్ అని చప్పట్లు కొట్టింది వీళ్ళే. నేను టీవీ ఆపేసి ఆ సంగతి మొహం మీదే అడిగాను. చాదస్తపు ఆంటీ అనుకుని ఉంటారు, అనుకోనీ. మా అబ్బాయి మాత్రం తల దించుకున్నాడు, అప్పుడు మా అమ్మ దించుకున్నట్టే. అయినా నేను కూర్చోలేదు. నా బదులు ఇక ఎవరూ లేవనక్కర్లేదు.